పొరుగు వాకిట్లో మన పండుగ



మనది కాని పండుగను మన ఇంట్లో చేసుకోవచ్చునా? చేసుకుంటే ఎట్లా చేసుకోవాలి? ఈ ప్రశ్న ఈ మధ్య మన సరిహద్దు పట్టణాల్లో కూడా వినిపిస్తోంది. కారణం హాలోవీన్ అనే పండుగ. అక్టోబరు 31వ తేదీ దగ్గర పడగానే కొన్ని ప్రైవేటు బడులు పిల్లల డైరీలో ఒక చీటీ అంటించి పంపుతున్నాయి. నల్ల బట్టలు వేసి పంపండి, దయ్యం వేషమో మంత్రగత్తె వేషమో కట్టి పంపండి అని. తల్లిదండ్రులు బజారుకు పోయి ప్లాస్టిక్ ముసుగు కొంటున్నారు. ఇంట్లో ఉన్న నాయనమ్మ మాత్రం ముక్కున వేలేసుకుంటుంది. "పండుగ పూట పిల్లకు దయ్యం వేషమేందిరా?" అంటుంది.

ఉపాధ్యాయుణ్ని కాబట్టి ఈ తగాదా నా దగ్గరికీ వస్తుంది. ఒకరు "ఇది మన సంస్కృతి కాదు, ఆపించండి సారూ" అంటారు. ఇంకొకరు "లోకం ముందుకు పోతుంటే మన పిల్లలు వెనకబడాలా?" అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఇద్దరూ మరిచిపోయే సంగతి కూడా ఒకటి ఉంది. పరాయి చోట, పరాయి భాషల నడుమ, అక్కడ ఆనవాయితీ లేని పండుగ చేసుకోవడమనేది మన తెలుగువాళ్లకు కొత్త కాదు. తరతరాలుగా ఆ పని చేస్తున్నవాళ్లు మనకు బాగా దగ్గరలోనే ఉన్నారు. రాత్రి రైలెక్కితే మర్నాడు దిగే ముంబైలో, కామాటిపురాలో, వర్లీలో, పరేల్‌లో, తెలుగు చాళ్లలో ఉన్నారు. వాళ్ల బతుకమ్మను చూస్తే హాలోవీన్ ప్రశ్నకు కూడా ఒక దారి దొరుకుతుందని నా నమ్మకం.

ముందు హాలోవీన్ కథ కొంచెం చెప్పుకుందాం. ఐర్లండు, స్కాట్లండు దేశాల్లో పూర్వం కెల్టు జాతులవారు పంట కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ 'సావిన్' అనే పండుగ చేసుకునేవారు. ఆ రాత్రి బతికినవాళ్ల లోకానికీ చనిపోయినవాళ్ల లోకానికీ మధ్య తలుపు తెరుచుకుంటుందని నమ్మేవారు. తర్వాత క్రైస్తవం వచ్చింది. నవంబరు 1న సకల పునీతుల పండుగ, నవంబరు 2న చనిపోయిన ఆత్మలందరినీ తలుచుకునే రోజు స్థిరపడ్డాయి. పునీతుల పండుగకు ముందు సాయంత్రం కాబట్టి అక్టోబరు 31కి హాలోవీన్ అన్న పేరు వచ్చింది. ఇంగ్లండులో పేదవాళ్లు ఆ రోజుల్లో ఇంటింటికీ వెళ్లి, మీ ఇంట్లో పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడిగి తీసుకునేవారు. ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవారు.

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. ఏళ్ల తరబడి కరువు నడిచింది. లక్షల మంది ఓడలెక్కి అమెరికా చేరారు. ఒంటి మీది బట్టలతో పోయినవాళ్లు కూడా పండుగను వెంట తీసుకుపోయారు. అమెరికాలో గుమ్మడికాయ విరివిగా కాస్తుంది, దుంప కంటే సులువుగా తొలవవచ్చు. దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది. ఇవాళ ముంబై మాల్‌లో వేలాడే ఆ నారింజ రంగు ముఖం నిజానికి వలస కూలీలు చేసుకున్న సర్దుబాటు. సొంత ఊళ్లో దొరికింది కొత్త చోట అంత తేలిగ్గా దొరకలేదు. దొరికిన దానితో పండుగ చేసుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. బతుకమ్మ దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఇక కామాటిపురా. మన వాడుకలో కామాటి అంటే మట్టిపని, కూలిపని చేసేవాడు. ముంబై ఒకప్పుడు ఏడు దీవులు. సముద్రం పోటెత్తితే దీవుల మధ్య పల్లమంతా ఉప్పునీరే. వర్లీ దగ్గర సముద్రానికి అడ్డుకట్ట వేశారు. గవర్నరు విలియం హార్న్‌బీ పేరున దాన్ని హార్న్‌బీ వెల్లార్డ్ అంటారు. 18వ శతాబ్దం చివర ఆ కట్ట పూర్తయ్యాక లోపలి పల్లపు నేల క్రమంగా ఆరింది. ఆ నేల మీద నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కామాటీలు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల పేరు మీదనే ఆ పేటకు కామాటిపురా అన్న పేరు వచ్చింది. ముంబై అంటే మనకు బొమ్మల్లో కనిపించే పెద్ద పెద్ద రాతి కట్టడాలకు మట్టి తవ్విన చేతుల్లో, రాళ్లు మోసిన తలల్లో ఎన్నో మన పాలమూరు, కరీంనగర్, నల్లగొండ వాళ్లవి.

కూలీలుగా వెళ్లినవాళ్లలో కొందరు మేస్త్రీలయ్యారు, కాంట్రాక్టర్లయ్యారు. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో పుణెలో సత్యశోధక్ సమాజ్ స్థాపించినప్పుడు ముంబైలో ఆ ఉద్యమానికి అండగా నిలిచినవాళ్లలో ఈ తెలుగు కామాటీ పెద్దలున్నారు. జాయా కారాడి లింగు, వ్యంకు బాళోజీ కాళేవార్ వంటి పేర్లు మరాఠీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తాయి. మన పుస్తకాల్లోనే అరుదు.

ఆ తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. ముంబైలో మొదటి నూలు మిల్లు 1850లలో తాడ్‌దేవ్‌లో మొదలైంది. కామాటిపురాకు అది నడిచి పోయేంత దూరం. మగ్గం మీద బతుకు గడవని పద్మశాలీలు మన జిల్లాల నుంచి బయలుదేరి ఆ మిల్లుల్లో చేరారు. 1920లలో ప్రభుత్వం వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో బి.డి.డి. చాళ్లు కట్టింది. మొత్తం 207 భవనాలు. ఒక్కొక్క దాంట్లో 80 గదులు. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. మన ఊళ్లో పశువుల కొట్టం కూడా అంతకంటే పెద్దగా ఉంటుంది. ఆ గదిలో వంట, పడక, పిల్లల చదువు, ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన బావమరిది, అన్నీ అందులోనే. బయట పొడుగాటి వరండా, వరండా చివర అందరికీ కలిపి నీళ్లు, మరుగుదొడ్లు. చాల్ అంటే ఇదీ.

శ్రోతలారా, ఇప్పుడు ఆలోచించండి. బతుకమ్మకు ఏం కావాలి? తంగేడు పువ్వు కావాలి. గునుగు కావాలి. వాకిలి కావాలి. చెరువు కావాలి. పాట తెలిసిన అమ్మలక్కలు కావాలి. ఈ అయిదింటిలో ముంబై చాల్‌లో ఉన్నది ఒక్కటే, అమ్మలక్కలు. మిగతా నాలుగూ లేవు.

తంగేడు మన దక్కను పీఠభూమి మొక్క. మెరక నేలల్లో, చెలకల గట్ల మీద అడగకుండానే విరగబూస్తుంది. కొంకణ తీరపు వాన నేల దానికి సరిపడదు. మరాఠీలో తంగేడును తరవడ్ అంటారు. ఘాట్ ఎక్కి దేశ్ వైపు పోతే అది కనిపిస్తుంది, ముంబైలో మాత్రం దొరకడం కష్టం. అందుకని ఊరి నుంచి ఎవరు వస్తున్నా వాళ్ల చేతి సంచిలో తంగేడు ఉండాల్సిందే. నిజామాబాద్ మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లోనో, ఆదిలాబాద్‌ను ముంబైతో కలిపే నందిగ్రామ్‌లోనో తడిగుడ్డ చుట్టిన తంగేడు కట్ట సీటు కింద ప్రయాణం చేస్తుంది. దిగేసరికి సగం రాలిపోతుంది. ఉన్న నాలుగు రెమ్మలు పైన పెట్టి, మిగతాదంతా దాదర్ పూల బజారులో కొన్న బంతి, చేమంతితో పేర్చుతారు. దసరా రోజుల్లో ఆ బజారులో బంతిపూలు గుట్టలు గుట్టలు. మరాఠీవాళ్లకు అది ఝెండూ. గుమ్మాలకు తోరణం కట్టడానికి వాళ్లకూ కావాలి. ఒకే బుట్ట దగ్గర ఒకామె తోరణానికి, ఇంకొకామె బతుకమ్మకు బేరం చేస్తారు.

ఇక వాకిలి. చాల్‌కు వాకిలి అంటే రెండు భవనాల మధ్య సందు. పగలంతా అక్కడ స్కూటర్లు, చేతిబండ్లు. సాయంత్రం మగవాళ్లు వాటిని పక్కకు జరిపి, నీళ్లు చల్లి ఇస్తే అది వాకిలి అవుతుంది. చెరువు లేదు కాబట్టి కొందరు సముద్రానికి పోతారు, కొందరు పెద్ద నీళ్ల తొట్టిలో నిమజ్జనం చేస్తారు. మిల్లులు నడిచే రోజుల్లో అక్కడ భోంపు ప్రకారమే బతుకు. షిఫ్టుకు పోయే మగవాడికి డబ్బా కట్టి, ఇంట్లో బీడీలు చుట్టే పని ముగించి, అప్పుడు ఆడవాళ్లు కిందికి దిగేవారు. ఊళ్లో పొద్దుగూకకముందే మొదలయ్యే ఆట అక్కడ దీపాలు పెట్టాక మొదలవుతుంది.

అంటే పువ్వు మారింది, నేల మారింది, నీళ్లు మారాయి, వేళ కూడా మారింది. మరి దాన్ని బతుకమ్మ అనవచ్చునా? అనవచ్చు. నిజానికి మనం 'అచ్చంగా మనవి' అనుకునే పూల సంగతి కూడా ఒకసారి చూడండి. బంతి పువ్వు పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ల పండుగ చేస్తారు. పెద్దల ఆత్మలకు ఇంటి దారి తెలియాలని బంతి రెక్కలు పరుస్తారు. ఆ బంతి సముద్రాలు దాటి మన దేశానికి వచ్చి, మన బతుకమ్మ ఎక్కి కూర్చుంది. బతుకమ్మ అడుగున పరిచే ఆకు, పైన గౌరమ్మకు పెట్టే పువ్వు గుమ్మడివి. కూర వండుకునే ఆ తీపి గుమ్మడి వంశం కూడా అమెరికా ఖండానిదే. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి మాత్రం మన ఆసియాది. హాలోవీన్ ముఖానికీ బతుకమ్మ శిఖరానికీ ఒకే వంశపు తీగ కాయ, పువ్వు ఇచ్చిందన్నమాట. పండుగలో ఏ వస్తువు ఎక్కడ పుట్టిందని లెక్క తీస్తే ఎవరి పండుగా పూర్తిగా వాళ్లది కాదు.

ఇరుగుపొరుగు సంగతి కూడా చెప్పాలి. నవరాత్రుల్లో మహారాష్ట్ర ఆడపిల్లలు భోండ్లా అనే ఆట ఆడతారు. కొన్నిచోట్ల దాన్ని హాద్గా అంటారు. పీట మీద ఏనుగు బొమ్మ గీసి మధ్యలో పెట్టి, చేతులు పట్టుకొని చుట్టూ తిరుగుతూ పాడతారు. పుట్టింటి మాటలు, అత్తింటి ఆరళ్లు, అన్నీ ఆ పాటల్లో ఉంటాయి. చివర ప్రసాదం గిన్నె మూతపెట్టి, లోపల ఏముందో చెప్పమని పొడుపు వేస్తారు. మన సద్దుల బతుకమ్మ నాడు చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద పంచుకోవడం లేదూ? భోండ్లా ఆడిన మరాఠీ అమ్మాయికి బతుకమ్మ ఏమిటో వివరించి చెప్పనక్కరలేదు. మధ్యలో ఏనుగు బదులు పువ్వులున్నాయి, అంతే. దసరా నాడు మనం జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటే, వాళ్లు ఆప్టా ఆకు పెట్టి సోనం అంటారు. చాల్ వరండాలో ఈ రెండు ఆకులూ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతాయి.

ఇదంతా ఎప్పుడూ సుఖంగా జరిగిందని చెప్పను. 1960ల చివర దక్షిణాదివాళ్లు వద్దన్న నినాదాలు వినిపించిన నగరం అది. అటువంటి చోట పదిమందిలో తెలుగు పాట ఎత్తుకోవడం చిన్న సంగతి కాదు. తర్వాత 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని వదిలారు. సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, చాలామందికి పని మాత్రం మళ్లీ దొరకలేదు. కొందరు భివండీ పవర్‌లూమ్‌లకు పోయారు, కొందరు ఊరికి తిరిగి వచ్చారు. అటువంటి ఏళ్లలో కూడా పెత్తర అమాస వస్తుంది, మర్నాడు పాడ్యమి వస్తుంది. జీతం రాని ఇంట్లో ఆడవాళ్లు ఆ ఏడు బతుకమ్మను చిన్నగా పేర్చారేమో కాని, పేర్చడం మానలేదు.

కామాటిపురా పేరు సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ పేట పేరు వినగానే లోకానికి ఒకే విషయం తోస్తుంది. బ్రిటిషువారి కాలంలో అక్కడి కొన్ని గల్లీలకు వచ్చిన పేరు పేటంతటికీ అంటుకుంది. అక్కడ కష్టపడి బతికే ఆడవాళ్లను తక్కువ చేసే హక్కు మనకు లేదు. కాని ఒక తెలుగు కూలి మాట, చెమట మాట, ఒక నిందగా మారిపోవడం మనసుకు కష్టంగా ఉంటుంది. అక్కడి పిల్లలు కొందరు ఉద్యోగం దరఖాస్తులో ఆ పేట పేరు రాయడానికి జంకుతారు. ముంబై సెంట్రల్ అని రాస్తారు. అటువంటి పేటలో తొమ్మిది రోజులు ఆడవాళ్లు పట్టుచీర కట్టి, తలపై పూల గోపురం పెట్టుకొని గల్లీలోంచి నడిచి వెళ్లడం అంటే ఏమిటో ఆలోచించండి. ఇక్కడ కుటుంబాలున్నాయి, అవ్వలున్నారు, పసిపిల్లలున్నారు, మాకొక భాష ఉంది అని ఊరికి చెప్పడమే అది. ఉపన్యాసం అక్కరలేదు.

ఇప్పుడు ఆ చాళ్లలో నాలుగో తరం పెరుగుతోంది. ఇంగ్లీషు బడికి పోతోంది. ఇంట్లో తెలుగు, వరండాలో మరాఠీ, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. అక్టోబరు నెలాఖరులో మాల్‌లో గుమ్మడికాయ దీపాలు, పెద్ద హౌసింగ్ సొసైటీల్లో తలుపు తలుపుకూ తిరిగి చాక్లెట్లు అడిగే పిల్లలు. చాల్ పిల్లవాడు కూడా ముసుగు కావాలని అడుగుతాడు. అడగడంలో తప్పేముంది? వేషం కట్టడం, చీకట్లో భయపడి నవ్వడం, ఇంటింటికీ పోయి తినుబండారం తెచ్చుకోవడం, ఇవి ఏ దేశపు పిల్లలకైనా ఇష్టమే. 2024లో అయితే మన దీపావళి, హాలోవీన్ ఒకే రోజు, అక్టోబరు 31న వచ్చాయి. ఒకే పిల్లవాడు సాయంత్రం చిచ్చుబుడ్డి కాల్చి, రాత్రి ముసుగు పెట్టుకున్నాడు. ఆకాశం ఊడిపడలేదు.

అయితే ఒక తేడా మాత్రం ఉంది. చాల్‌లో బతుకమ్మను చేతులతో చేస్తారు. పూలు తెంపడం, కాడలు కత్తిరించడం, గునుగుకు రంగు అద్దడం, తాంబాళంలో వరుస తప్పకుండా పేర్చడం, ప్రతి పనికీ పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని చెప్పాలి. అవ్వ లేకుండా బతుకమ్మ లేదు. మాల్‌లోని హాలోవీన్‌కు అవ్వతో పని లేదు. డబ్బు చాలు. ముసుగు ఎందుకు పెట్టుకుంటున్నామో పిల్లకు తెలియదు, కొనిచ్చిన తండ్రికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఐర్లండు అవ్వ తన మనవడికి దుంప తొలిచి ఇస్తూ పోయిన తాతను గురించి చెప్పి ఉంటుంది. ఆ అవ్వ దారిలో ఎక్కడో దిగిపోయింది. ముసుగు ఒక్కటే మన దాకా వచ్చింది.

చిత్రం ఏమిటంటే, హాలోవీన్ అసలు అర్థం మనకు కొత్తదేమీ కాదు. భాద్రపద బహుళ అమావాస్యను మనం పెత్తర అమాస అంటాం. మహారాష్ట్రలో సర్వపిత్రి అమావాస్య అంటారు. ఆ రోజు పొద్దున పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తాం. కాకికి ముద్ద పెడతాం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుతాం. పొద్దున పోయినవాళ్లను తలుచుకొని, సాయంత్రం ఉన్నవాళ్లు బతకాలని ఆడతాం. పుట్టిన బిడ్డలందరినీ పోగొట్టుకున్న తల్లిదండ్రులకు కలిగిన ఆడపిల్లను 'బతుకు అమ్మా' అని పిలుచుకున్నారని మన ఇళ్లలో చెప్పే కథ. చావును తలచి బతుకును కోరడం ఐర్లండులో ఉంది, మెక్సికోలో ఉంది, మన ఇంట్లోనూ ఉంది. మన పిల్లలకు చెప్పడం మానేసి, ముసుగు కొనిస్తున్నాం.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. దీపావళి ముందు రోజుల్లో ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి జరుగుతుంది. గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకొని, ఊరి నుంచి ఊరికి ఆడుతూ పోతారు. చూసేవాళ్లకు అది వేషంలా కనిపిస్తుంది. వాళ్లకు అది దీక్ష. టోపీకి పూజ చేయకుండా తల మీద పెట్టరు. మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఆ ఆటను తరాలకు నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. కొందరు బడి వార్షికోత్సవంలో అట్ట ముక్కలతో గుస్సాడీ టోపీ చేసి పిల్లలకు పెట్టి నవ్విస్తారు. ఐర్లండు పండుగకు మనం చేస్తున్నదీ అదే, పక్క గూడెం పండుగకు చేస్తున్నదీ అదే. పండుగను అరువు తెచ్చుకున్నప్పుడు దాని మర్యాదను కూడా అరువు తెచ్చుకోవాలి.

పండుగలు నిలబడేవి కాదు, నడిచేవి. సికింద్రాబాద్ లష్కర్ బోనాల కథ అందరికీ తెలుసు. 1813లో పటాలంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య కలరా తగ్గాలని అక్కడి మహంకాళికి మొక్కుకొని, తిరిగి వచ్చి 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని చెబుతారు. ముంబై గిర్‌గావ్‌లోని కేశవ్‌జీ నాయక్ చాల్‌లో 1893లో మొదలైన సార్వజనిక గణేశోత్సవం ఇవాళ మన ప్రతి పల్లెలో మండపమై కూర్చుంది. అక్కడి చాల్ మనకు మండపం ఇచ్చింది, మన ఊరు అక్కడి చాల్‌కు బతుకమ్మను ఇచ్చింది. సముద్రాల అవతల మన పిల్లలు ఉన్నారు. అమెరికాలో వాళ్లకు హాలోవీన్ ఆ దేశపు ఆచారం, బతుకమ్మే పరాయి పండుగ. అక్కడి పొరుగువాళ్లు మన బతుకమ్మను చూసి, ఇది మా సంస్కృతి కాదు ఆపండి అంటే మనకు ఎట్లా ఉంటుంది? ఆ మాట మనమూ అనేముందు ఒక్క క్షణం ఆగాలి.

చివరగా, చాల్ బతుకమ్మకు వచ్చిన కొత్త పరీక్ష గురించి చెప్పాలి. ఆ చాళ్లు కూలుతున్నాయి. వర్లీ బి.డి.డి. చాళ్ల స్థానంలో ఆకాశమంత భవనాలు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇంటి తాళాలు ఇచ్చారు. 160 అడుగుల గదిలో నాలుగు తరాలు గడిపినవాళ్లకు 500 చదరపు అడుగుల ఇల్లు, లోపలే మరుగుదొడ్డి. దానికి సంతోషించాలి. చాల్ బతుకును దూరం నుంచి చూసి ముచ్చటపడేవాళ్లు పొద్దున్నే ఆ మరుగుదొడ్డి వరుసలో నిలబడినవాళ్లు కాదు. కామాటిపురాకు కూడా పునర్నిర్మాణ ప్రణాళిక వచ్చింది. అయితే పై అంతస్తులో తలుపు వేసుకున్న ఇంటికి వరండా ఉండదు. కింద బండ్లు నిలిపే చోట బతుకమ్మ ఆడాలంటే సొసైటీ కమిటీ అనుమతి కావాలి. ఊరు విడిచినా విడవని పండుగ, ఇల్లు పెద్దదైతే విడిచిపోతుందా? ముంబై నగరపాలక సంస్థ నడిపే తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. పాట పాడే అవ్వలు తగ్గిపోతున్నారు. వాకిలి పోయినా పండుగ బతుకుతుంది. పాట పోతే మాత్రం కష్టం. పూలు దాదర్‌లో కొనవచ్చు, పాటను ఏ బజారులోనూ అమ్మరు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఇంతే. మీ పిల్ల హాలోవీన్ వేషం అడిగితే కొట్టి ఏడిపించకండి. ముసుగు కొనకుండా, ఇంట్లో ఉన్న అట్టతో, పాత చీర ముక్కతో పిల్లనే చేసుకోమనండి. ఆ పండుగ ఎక్కడ పుట్టిందో, కరువులో ఎవరు దాన్ని మోసుకుపోయారో ఒక పది నిమిషాలు చెప్పండి. తర్వాత, పోయిన మీ తాత పేరు, ముత్తాత పేరు పిల్లకు వచ్చునా అని అడగండి. రాకపోతే నేర్పండి. హాలోవీన్ అయినా, పెత్తర అమాస అయినా అడిగేది ఆ పేర్లనే. మీ బంధువులు ముంబైలోనో, భివండీలోనో, సూరత్‌లోనో ఉంటే, ఈసారి దసరాకు పోయేవాళ్ల సంచిలో ఒక తంగేడు కట్ట పెట్టండి. దాంతోపాటు మీ అవ్వ గొంతులో ఒక పాట మీ ఫోనులో రికార్డు చేసి పంపండి. తంగేడు దారిలో రాలిపోవచ్చు, పాట రాలదు.

బడుల్లోని నా తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట. పిల్లల చేత హాలోవీన్ చేయించదలిస్తే చేయించండి. కాని ఆ నెలలోనే ఒక రోజు భోండ్లా ఆడే మరాఠీ తల్లినీ, బతుకమ్మ పేర్చే తెలుగు అవ్వనూ, దండారి తెలిసిన గోండు పెద్దనూ బడికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి. మనది సరిహద్దు జిల్లా. రెండు మూడు భాషల పండుగలు మన గడప ముందే ఉన్నాయి. వాటిని చూడకుండా సముద్రం అవతలి దీపం ఒక్కటే చూపిస్తే, పిల్లలకు లోకం చూపించినట్టు కాదు.